ఎల్‌ఆర్‌ఎస్‌ (అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం)లో కట్టిన డబ్బు మా కాలనీకి ఖర్చు పెట్టమని అడగొచ్చా?

నమస్కారమండీ. మాది నెల్లూరు జిల్లాలో ఒక చిన్న టౌను. నాన్నగారు అప్పట్లో అనుమతి లేని లేఅవుట్‌లో ప్లాటు కొన్నారు. లేఅవుట్ వేసినాయన 10 శాతం ఖాళీ స్థలం వదల్లేదు. అందుకని 2020 ఎల్‌ఆర్‌ఎస్‌లో ప్లాటు విలువలో 14 శాతం ఓపెన్ స్పేస్ ఛార్జీ మేమే కట్టాం. (లాభం ఆయనది, ఛార్జీ మాది!) ఇప్పటికీ సైడు కాలువ లేదు, వానొస్తే నీళ్లు గుమ్మం దాకా వస్తాయి. పార్కు ఊసే లేదు. ఆఫీసులో అడిగితే డబ్బు జనరల్ ఫండ్‌లో కలిసిపోయిందన్నారు. దీనికి విడిగా ఖాతా ఉండాలా? వసూలు చేసిన చోటే ఖర్చు పెట్టాలనే రూలు ఏదైనా ఉందా? సమాచార హక్కు కింద 10 రూపాయలు కట్టి అడుగుదామనుకుంటున్నా. దరఖాస్తులో సరిగ్గా ఏ రికార్డులు అడగాలి? ఇంతకుముందు ఇలా అడిగి పని చేయించుకున్నవాళ్లు ఉంటే చెప్పండి.