"అచ్చు గుద్దినట్టు": గుద్దేది దేన్ని?

అమలాపురం నుంచి ప్రశ్న:
ఇంగ్లండు దక్షిణ తీరంలో వేమత్ అని ఓ ఊరు. సముద్రపొడ్డున, రోడ్డు కూడలిలో మూడో జార్జి రాజు విగ్రహం ఉంది. జబ్బు నుంచి తేరుకున్న రాజు 1789లో సముద్రస్నానానికని ఆ ఊరొచ్చాడు. 1805 దాకా వేసవుల్లో వస్తూ పోతూ ఉండేసరికి ఊరి దశ తిరిగింది. ఆయన ఏలుబడి 50వ ఏట పడిన సందర్భంగా ఊరివాళ్లు పెట్టించిన విగ్రహమిది, 1810 నాటిది. పిల్లల పత్రికకి దీని గురించి రాస్తుంటే "రాతి విగ్రహం" అనాలని ఒకరు, "పోత విగ్రహం" అనాలని ఇంకొకరు. ఏది సరి?

కొత్తపేట నుంచి:
రెండూ కుదరవండి. అది చెక్కిన రాయీ కాదు, పోసిన లోహమూ కాదు. కాల్చిన మట్టి. ఎలినార్ కోడ్ అనే ఆవిడ 1769 నుంచి లండన్ లాంబెత్‌లో నడిపిన కార్ఖానా సరుకు, "కోడ్ స్టోన్" అంటారు. పేరులోనే రాయి ఉంది కాబట్టి అందరూ బోల్తా పడతారు.

తెలుగులో అచ్చు పక్కన ఏ క్రియ వాడాలన్నది సరుకు ఎలా ఉందో చూసి తేల్చాలి. పారేదైతే పోస్తాం: బెల్లం పాకం, కరిగిన కంచు. ముద్దగా ఉంటే గుద్దుతాం, లేదా ఒత్తుతాం. కాగితం మీదైతే వేస్తాం. ఇటుకకి మాత్రం అచ్చు ఉన్నా "ఇటుక కోయడం" అనే అంటారు. ఈ రాజుగారు గుద్దుడు ఖాతాలోకి వస్తాడు. "అచ్చు గుద్దినట్టు" అన్న జాతీయం పుట్టింది కూడా ఇలాంటి మట్టిపని దగ్గరే అనుకుంటాను.

పని ఇలా ఉంటుంది. ముందు శిల్పి మట్టితో పూర్తి నమూనా చేస్తాడు. దాని మీద ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో ముక్కలు ముక్కలుగా అచ్చు తీస్తారు. చెయ్యి కింద, అంగీ మడతల్లో లోపలికి తిరిగిన చోట్ల ఒకే అచ్చయితే ఊడిరాదు, అందుకే ముక్కలు. ఆ అచ్చుల్లో మెత్తటి మట్టిని బొటనవేలితో, పిడికిలితో గుద్దుకుంటూ పోతారు. గాలి చిక్కితే అక్కడ ముక్కు చెక్కుకుపోయినట్టు గుంట పడుతుంది, మడత మొండిగా వస్తుంది. లోపల బోలుగానే వదలాలి. పైగా మందం అంతటా ఒకేలా ఉండాలి, లేకపోతే పల్చటి చోటు ముందు ఆరి పగులుతుంది. ప్లాస్టర్ తడి పీల్చుకోగానే మట్టి కాస్త ముడుచుకుని అచ్చు వదులుతుంది. అప్పుడు ముక్కల్ని పల్చటి మట్టినీళ్లతో అతికి, అతుకు కనపడకుండా పనిముట్టుతో సవరిస్తారు.

రామచంద్రపురం నుంచి:
మట్టి అంటే మన ఒండ్రు అనుకునేరు! ఒండ్రుతో అంత పెద్ద బొమ్మ చేసి కాలిస్తే నెర్రెలిస్తుంది. కోడ్ మిశ్రమంలో నూటికి తెల్లటి బంకమట్టి 60 నుంచి 70 పాళ్లు. ముందే కాల్చి దంచిన మట్టిపొడి, గాజుపొడి పదేసి పాళ్లు. చెకుముకి రాతిపొడి, సన్నటి పలుగురాతిపొడి ఐదు నుంచి పదేసి పాళ్లు. ముందే కాలిన పొడి మళ్లీ కుంచించుకోదు, అదే పగుళ్లని ఆపేది. గాజు కరిగి సందులు పూడుస్తుంది, అందుకే వాననీరు లోపలికి ఇంకదు. ఆవిడ పెట్టుకున్న గ్రీకు పేరు "లిథోడైపైరా"లో "రెండుసార్లు కాల్చిన" అన్న మాట ఈ పొడి వల్లే.

ఇంత చేసినా ఎనిమిది శాతం దాకా తగ్గుతుంది. ఆరడుగుల బొమ్మ దిగాలంటే నమూనా ఆరున్నర అడుగులు చేసుకోవాలి.

కాకినాడ నుంచి:
"ఆవంలో కాల్చిన" అని రాయకండి. కుమ్మరి ఆవం 1,100 డిగ్రీలు అందుకోలేదు. దీనికి 1,100 నుంచి 1,150 డిగ్రీలు, అదీ నాలుగు రోజులు ఆపకుండా కావాలి. "బట్టీలో" అంటే సరిపోతుంది.

నరసాపురం నుంచి:
విగ్రహం సంగతి సరే గానీ, జాతీయం పుట్టింది మట్టి దగ్గరే అంటే ఒప్పుకోను. పెడనలో కలంకారీ అద్దకం చూడండి: చెక్క అచ్చుని రంగులో ముంచి గుడ్డ మీద పెట్టి, పైన పిడికిలితో నిజంగానే ఓ గుద్దు గుద్దుతారు. "అచ్చుగుద్దినట్టు వాళ్ల తాతే" అంటే ఒకే అచ్చుతో మళ్లీ వేసిన పువ్వు అన్నమాట.

కొత్తపేట నుంచి:
కాదనడం లేదండి. గుద్దే పని రెండు చోట్లా ఉంది. కాకపోతే గుడ్డ మీద దిగేది నీడ, మట్టిలో దిగేది ఒళ్లు. పోలికకి రెండోదే దగ్గరని నా పక్షపాతం. ఒక్కటి మాత్రం ఖాయం: "మూసపోసినట్టు" అని దీనికి బదులు వాడితే తిట్టయి కూర్చుంటుంది. మూస కథ, మూస పాట అంటాం చూశారా.

అమలాపురం నుంచి:
రెండొందల ఏళ్లు ఉప్పుగాలిలో ఎలా నిలిచిందంటారు? మన తీరంలో సిమెంటు బొమ్మలు పాతికేళ్లకే పొట్టు లేస్తున్నాయి.

కొత్తపేట నుంచి:
సిమెంటుని తినేది లోపలి ఇనుపచువ్వ. ఉప్పుతేమ చువ్వని చేరితే తుప్పు పడుతుంది, తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమించి పైపూతని తన్నేస్తుంది. కోడ్ బొమ్మలకీ జబ్బంటూ వస్తే ఇదే దారి: మట్టి చెడదు, విడిగా కాల్చిన పెద్ద ముక్కల్ని కలిపి బిగించిన ఇనుపకమ్మీలు ఉబ్బి అతుకుల దగ్గర చీలుస్తాయి. మరమ్మతులో ఇనుము తీసి స్టెయిన్‌లెస్ స్టీలు పెట్టడం అందుకే.

మీ పత్రికకి ఇలా రాసుకోండి: "మట్టిని అచ్చుల్లో గుద్ది, బట్టీలో కాల్చి, అతికిన విగ్రహం." దిమ్మె మాత్రం పోర్ట్‌లాండ్ రాయి, అంటే ఆ దగ్గర్లోనే తవ్వే సున్నపురాయి, దానికి "రాతి" అనొచ్చు. ఫోటోలో కనిపించే ఎరుపు, బంగారు రంగులు మట్టివి కావు, పైన వేసినవి. పిల్లలు ముందు అడిగేది అదే, ఓ వాక్యం దానికీ కేటాయించండి.