‘రెండూ’ అన్నప్పుడు మూడోది ఉన్నట్టా, లేనట్టా?

సభ్యులందరికీ నమస్కారం. అనంతపురంలో ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలకు నేను అంకగణితం చెబుతాను. నిన్న సాయంత్రం ఒక లెక్క దగ్గర తరగతి ఆగిపోయింది. చిక్కు లెక్కలో వచ్చిందే అయినా దాని ముడి తెలుగులో పడింది. అందుకే మీ ముందుకు తెచ్చాను.

సమితుల పాఠానికి లెక్క నేనే సొంతంగా రాసి ఇచ్చాను. ఇదీ ఆ లెక్క:

“ఒక ఊరిలో 120 రైతు కుటుంబాలు ఉన్నాయి. వేరుశనగ వేసినవి 60, కంది వేసినవి 45, ఆముదం వేసినవి 35. వేరుశనగ, కంది రెండూ వేసినవి 18. కంది, ఆముదం రెండూ వేసినవి 10. వేరుశనగ, ఆముదం రెండూ వేసినవి 12. మూడూ వేసినవి 6. మూడు పంటలూ వేయని కుటుంబాలు ఎన్ని?”

వేరుశనగ సాళ్ల నడుమ కంది సాలు మా పిల్లలు పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే. కాబట్టి కథ అర్థం కాలేదనే మాట లేదు.

ముందు వరుసలో ఒక అమ్మాయి చేతి గాజు ఒకటి తీసింది. కాగితం మీద దాన్ని మూడు చోట్లకు జరిపి, పెన్సిలుతో చుట్టూ గీసింది. మూడు వృత్తాలూ ఒకదాని మీదికి ఒకటి ఎక్కిన చోట, నడుమ మూడు మూలల చిన్న గది ఏర్పడింది. అందులో 6 వేసింది. తర్వాత 18లోంచి 6 తీసేసి వేరుశనగ–కంది గదిలో 12 వేసింది. మిగిలిన జంటల గదుల్లో 4, 6 వచ్చాయి. ఒక్క పంటే వేసినవి వరుసగా 36, 23, 19. అన్నీ కలిపితే 106. ఏ పంటా లేనివి 14.

వెనక కూర్చున్న అబ్బాయి జంటల గదుల్లో 18, 10, 12 ఉన్నవి ఉన్నట్టే వేశాడు. ఒక్క పంటే వేసినవి అతనికి 24, 11, 7 వచ్చాయి. నడుమ 6తో సహా మొత్తం 88. జవాబు 32. ఎక్కడా ఋణసంఖ్య రాలేదు, కూడికలో తప్పు లేదు. ఎందుకిలా చేశావని అడిగాను. “మూడూ వేసినవాళ్ల సంగతి మీరు విడిగా చెప్పారు కదా మేడమ్, వాళ్లు మళ్లీ 18లో ఎందుకుంటారు?” అన్నాడు.

నేను అనుకున్న జవాబు 14. కానీ “లెక్కల్లో అలాగే తీసుకోవాలి” అని చెప్పి దాటవేయడానికి మనసు ఒప్పలేదు. తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లలు భాషను నమ్మి లెక్క చేస్తారు. ఆ నమ్మకం వమ్ము కాకూడదు. మీరు చెప్పండి: ‘రెండూ’ అన్న మాట మూడోదానికి తలుపు మూస్తుందా, తెరిచి ఉంచుతుందా?

కడప నుంచి:
అమ్మా, నేను తెలుగు పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. ‘రెండూ’ చివర ఉన్న దీర్ఘం సముచ్చయం. పూర్వం ‘రాముఁడును లక్ష్మణుఁడును’ అని ‘ను’ చేర్చి చెప్పినది, ఈనాటి వాడుకలో ‘రాముడూ లక్ష్మణుడూ’ అయింది. ఆ దీర్ఘం పని కూర్చడం వరకే. ‘ఇంతకు మించి లేదు’ అని కంచె వేసే పని ‘ఏ’కారానిది. దాన్ని అవధారణం అంటాం. ‘రెండూ వేశాడు’ అంటే చెప్పిన రెండింటిలో ఏదీ తప్పిపోలేదు. ‘రెండే వేశాడు’ అంటే మూడోది లేదు. ఒక్క అచ్చు మారితే మీ బొమ్మలో గది మారిపోతుంది.

అయితే ఆ అబ్బాయి విన్నది ఇంకొకటి. ‘ఒక పంట వేసినవారు ఇందరు, రెండు పంటలు వేసినవారు ఇందరు, మూడు వేసినవారు ఇందరు’ అని వరుసగా చెబితే మనం ఎవరినీ రెండుచోట్ల లెక్కించం. అక్కడ ‘రెండు’కు దీర్ఘం ఉండదు, గమనించండి. దీర్ఘం లేని ‘రెండు’ విడగొడుతుంది, దీర్ఘం ఉన్న ‘రెండూ’ కూర్చుతుంది. మీ లెక్కలో జంటల వెంటనే ‘మూడూ’ వచ్చేసరికి అతనికి ఆ వరుస చెవిన పడింది.

ఆదోని నుంచి:
అయ్యవారు చెప్పినదానికి మా ఊరే సాక్ష్యం. ఆదోనిలో తెలుగు, కన్నడ, ఉర్దూ మూడూ మాట్లాడేవారు వీధికి ఎందరో ఉంటారు. నా దుకాణానికి వచ్చే ఒక పెద్దాయనకు మూడూ వచ్చు. “తెలుగు, ఉర్దూ రెండూ వచ్చా?” అని ఆయన్ను అడిగితే “వచ్చు” అంటారు. “రావు, నాకు మూడు వచ్చు” అని ఎవరైనా అంటారా? “రెండే వచ్చా?” అని అడిగి చూడండి, అప్పుడు “కాదు, కన్నడం కూడా వచ్చు” అని జవాబిస్తారు. 14 అన్న అమ్మాయిదే తెలుగు.

కర్నూలు నుంచి:
నేను దస్తావేజులు రాస్తాను. ఉమ్మడి బావి గురించి రాసేటప్పుడు ‘ఈ ఇద్దరికీ హక్కు కలదు’ అని వదిలేస్తే మూడో అన్నదమ్ముడు రేపు వచ్చి నిలబడతాడు. అందుకే ‘ఈ ఇద్దరికి మాత్రమే హక్కు కలదు, ఇతరులకు ఎట్టి హక్కు లేదు’ అని రాస్తాం. తలుపు మూయాలంటే ఇంకో మాట వేయక తప్పదు. వేయకపోతే తెరిచి ఉన్నట్టే.

అనంతపురం నుంచి మళ్లీ నేను:
అందరికీ ధన్యవాదాలు. ‘మాత్రమే’ అన్న మాట వచ్చింది కాబట్టి ఒకటి చెబుతాను. దాన్ని పెట్టే చోటు చాలా ముఖ్యం. ‘కంది మాత్రమే వేసినవారు’ అంటే వేరే పంట లేనివారు. ‘కంది వేసినవారు మాత్రమే’ అంటే ఆ వృత్తం మొత్తం. పరీక్ష పత్రాల తెలుగులో ఈ రెండూ తారుమారైతే పిల్లలు మార్కులు పోగొట్టుకుంటారు.

వృత్తాలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కిన భాగానికి పాఠ్యపుస్తకం వాడే ‘ఛేదనం’ అన్న మాట కూడా నన్ను ఇబ్బంది పెడుతుంది. ఛేదించడం అంటే కోయడం. ఆ మాట వినగానే ఏదో తీసేయాలనుకునే పిల్లలున్నారు. తరగతిలో నేను ‘ఉమ్మడి భాగం’ అంటాను. కర్నూలు అన్న చెప్పిన ఉమ్మడి బావి ఇక నుంచి నా ఉదాహరణ.

మూడు పంటల సంఖ్యలూ కలిపి, జంటల సంఖ్యలు తీసేసే సూత్రంలో చివరికి 6 ఎందుకు కలుపుతామని కూడా పిల్లలు అడుగుతుంటారు. పంటకొక జాబితా రాశామనుకోండి. 60, 45, 35 కలిపితే 140 పేర్లు. మూడూ వేసిన కుటుంబం పేరు మూడు జాబితాల్లోనూ ఉంటుంది. జంటలకని 18, 10, 12 తీసేసినప్పుడు ఆ పేరు మూడుసార్లూ కొట్టివేత పడుతుంది, ఒక్కచోటా మిగలదు. కాబట్టి ఆ 6 కుటుంబాలను మళ్లీ ఒకసారి చేర్చాలి. 140లోంచి 40 పోగా 100, దానికి 6 కలిపితే 106. 18లో ఆ 6 కూడా ఉన్నాయని ఒప్పుకుంటేనే ఈ సూత్రం నిలుస్తుంది. ‘రెండే’ అనుకుంటే మూడూ వేసిన ఒక్కో కుటుంబం మూడుసార్లు లెక్కకు వచ్చింది కాబట్టి రెండుసార్లు తీసేయాలి. అంటే 140 – 40 – 12, అది 88. అబ్బాయి సూత్రం లేకుండానే అక్కడికి చేరాడు, అందుకు అతణ్ణి మెచ్చుకున్నాను.

ప్రొద్దుటూరు నుంచి:
మేడమ్, మీ లెక్క ఆఖరి వాక్యంలో ఇంకో చిక్కు ఉంది. ‘మూడు పంటలూ వేయని’ అంటే ఒక్కటీ వేయనివారా, మూడూ పూర్తిగా వేయనివారా? రెండో అర్థంలో తీసుకుంటే 120లోంచి 6 పోయి 114 వస్తుంది. అంటే ఒకే లెక్కకు మూడో జవాబు. మన భాష ఇక్కడ విచిత్రంగా నడుస్తుంది. ‘ఇద్దరూ రాలేదు’ అంటే ఏ ఒక్కరూ రాలేదనే వింటాం. ‘అందరూ రాలేదు’ అంటే కొందరు వచ్చారనే వింటాం. అదే దీర్ఘం, అదే ‘లేదు’. మూడు అన్నప్పుడు ఎటు మొగ్గాలో నాకు తెలియడం లేదు.

ఈ తేడానే గణితవేత్త డీ మోర్గాన్ పేరుతో ఉన్న సమితుల సూత్రాలు చెబుతాయి. ఆయన 1806లో మన పక్క రాష్ట్రంలోని మధురైలో పుట్టారు. ‘ఏదైనా వేసినవారు’ కానివారు ‘ఏదీ వేయనివారు’. ‘మూడూ వేసినవారు’ కానివారు ‘ఏదో ఒకటి వేయనివారు’. ఏదైనా, ఏదీ, ఏదో. ఈ మూడు మాటలు పట్టుకుంటే పిల్లవాడికి సూత్రం వేరుగా బట్టీ పట్టే పని ఉండదు.

కడప నుంచి:
చాలా బాగా పట్టుకున్నారు నాయనా. దీనికి నా సలహా ఒకటే. లెక్క రాసేటప్పుడు వ్యతిరేకార్థపు క్రియ ముందు సంఖ్యకు దీర్ఘం పెట్టకండి. ‘ఏదీ వేయని’ అంటే సందేహానికి చోటుండదు. ‘కంది లేదా ఆముదం వేసినవారు’ అన్నదీ అలాంటిదే. ‘లేదా’ అంటే వాడుకలో ఇదో అదో ఒకటే అని వినిపిస్తుంది. ‘కంది గానీ ఆముదం గానీ వేసినవారు’ అనండి, రెండూ వేసినవారు బయట పడిపోరు.

అనంతపురం నుంచి:
114 నాకు తట్టనే లేదు. ప్రొద్దుటూరు తమ్ముడికి కృతజ్ఞతలు. లెక్క ఇలా మార్చాను:

“వేరుశనగ, కంది రెండూ వేసినవి 18. కంది, ఆముదం రెండూ వేసినవి 10. వేరుశనగ, ఆముదం రెండూ వేసినవి 12. ఈ మూడు సంఖ్యల్లోనూ, మూడు పంటలు వేసిన 6 కుటుంబాలు కలిసే ఉన్నాయి. ఈ పంటల్లో ఏదీ వేయని కుటుంబాలు ఎన్ని?”

దాని కింద, అవే అంకెలతో, ‘రెండూ’ ఉన్న మూడు చోట్లా ‘రెండే’ పెట్టి రెండో లెక్క కూడా రాశాను. మూడు పంటలు వేసిన 6 కుటుంబాలు వాటిలో లేవని అక్కడ చెప్పాను. ఆ లెక్కను రేపు నల్లబల్ల మీద చేసి చూపమని వెనక వరుస అబ్బాయినే పిలుస్తాను.