సమస్య: "మాట మార్చువాఁడె మాన్యుఁ డగును"

నిర్వాహకుడు: పొద్దున ఒక ఉత్తరం రాస్తూ ఒకే మాటను నాలుగుసార్లు కొట్టేశాను. అప్పుడు తట్టిన పాదమిది. ఇదే చివరి పాదంగా పద్యం పూరించండి, కానివ్వండి.

కందమూలం:
దీప మారె నన్న దిగులందు వినువాఁడు
కొండ నెక్కె ననినఁ గుదుటఁ బడును
తావు నెఱిఁగి సరగఁ దగినట్టి పలుకుకై
మాట మార్చువాఁడె మాన్యుఁ డగును

గణగణ: అన్నా, కొండెక్కడం బాగా కుదిరింది. కానీ ఆ "సరగ" ఎందుకండీ? అంత పరుగేమిటి? తగిన పలుకు ఏరుకోమనే పద్యంలోనే పాదంలో అక్షరాల లెక్కకు, అంటే గణం నింపడానికి పడేసిన పలుకు! "పిదపఁ" అంటే తావు తెలిశాకే మాట అన్న వరసా వస్తుంది, గణమూ చెడదు.

కందమూలం: మొన్న "బొక్కసము నిండుకొనె" అని రాజుగారిని పొగిడిన తమరా నాకు మాటలు నేర్పేది! నిండడం వేరు, నిండుకోవడం వేరు నాయనా. ఖజానా అడుగంటించి మరీ దీవించావు.

గణగణ: ఆ పద్యం ఇంకా మరిచిపోలేదా! సరే, ఇది చూడండి.

తనది పొదుపటంచుఁ దానె మెచ్చుకొనుచుఁ
బరుల పొదుపుఁ జూచి పిసిని యనుచు
ఒక్కదాని కిట్టు లొసఁగి రెండగు పేర్లు
మాట మార్చువాఁడె మాన్యుఁ డగును

కందమూలం: చురుక్కుమంది, ఒప్పుకుంటున్నా. కానీ రెండో పాదంలో మొదటి అక్షరంతో మధ్య అక్షరం యతిగా కలవాల్సిన చోట ప–పి ఏమిటి? అకారానికీ ఇకారానికీ మైత్రి ఎప్పుడు కుదిరింది? "పేదవాని పొదుపుఁ బిసిని యనుచు" అని చూడు.

నిర్వాహకుడు: భలే! యతి కోసం వచ్చిన "పేద" పద్యాన్నే మార్చేసింది. "పరుల" ఉన్నప్పుడు అది ఇరుగుపొరుగు ఎత్తిపొడుపు. ఇప్పుడు అదే గుణం ఉన్నవాడికి పొదుపు, లేనివాడికి పిసినారితనం. దెబ్బ ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. పొదుపు, పిసినితనం నిఘంటువులో పక్కపక్కన కూర్చోబెట్టినా ఈ తేడా కనబడదు.

పాతబాకీ: మధ్యలో నాదొక మాట. "హరి నోట హరి పడె" అంటే ఏమంటారు? అమరకోశ నిఘంటువులో పలు అర్థాల మాటలుండే నానార్థవర్గంలో హరికి విష్ణువు, సింహం, పాము, కోతి, కప్ప అన్నీ ఉన్నాయి. పడ్డది నోట్లో గనక పాము నోట కప్ప అనుకుంటాం. "హరికి మొక్కె" అంటే కప్ప ఎవరికీ గుర్తుకు రాదు. దీని మీదే పూరణ అల్లుతున్నా, రాత్రికి పెడతా.

కందమూలం: పోయిన సమస్యకీ రాత్రికే అన్నారు.

గణగణ: "పరుల" తీసేశాను అన్నా, "పేదవాని" మీదే. "సరగ" మాత్రం ఇంకా అక్కడే ఉన్నట్టుంది?