పదహారేళ్లకు ఓటిస్తే యూరప్‌లో యువత మాట చెల్లుతుందా?

బెర్లిన్_బాటసారి:
2024 జూన్‌లో యూరోపియన్ పార్లమెంటుకు, అంటే యూరోపియన్ యూనియన్ దేశాల ఉమ్మడి చట్టసభకు, జరిగిన ఎన్నికల్లో జర్మనీ, బెల్జియం మొదటిసారి పదహారేళ్ల వాళ్లకు ఓటిచ్చాయి. ఆస్ట్రియా, మాల్టాల్లో అంతకుముందే ఉంది. గ్రీసులో 17, మిగతా దేశాల్లో 18. మా ఇంటి ఓనర్ గారమ్మాయికి అప్పుడు సరిగ్గా పదహారు. ఆదివారం పొద్దున్నే తయారై, పండక్కి వెళ్తున్నంత సంబరంగా వెళ్లి ఓటేసి వచ్చింది. నాకు చాలా ముచ్చటేసింది. ఇది అన్ని దేశాల్లోనూ రావాలంటాను. మీరేమంటారు?

మిరపతోట:
నేను ఒప్పుకోనండి. పదహారేళ్లంటే ఇంకా బడి వయసు. ఫోన్లో ఏ వీడియో ఎక్కువ తిరిగితే అదే నిజమనుకునే రోజులివి. అయినా ఓటు లేకుండానే వాళ్ల మాట వింటున్నారు కదా! యువత అభిప్రాయాలు తెలుసుకోవడానికి యూరోపియన్ యూనియన్‌కు యూత్ డైలాగ్ అని ప్రత్యేకంగా ఒక ఏర్పాటే ఉంది. 2021, 22ల్లో యూరప్ భవిష్యత్తు మీద సదస్సు పెట్టి 800 మంది మామూలు పౌరులను పిలిస్తే, అందులో మూడో వంతు 16 నుంచి 25 ఏళ్ల వాళ్లే.

డాన్యూబ్_గట్టు:
మిరపతోట గారూ, వినడం వేరు, నిర్ణయంలో వాటా ఇవ్వడం వేరు. చదువుకునే రోజుల్లో నేనూ అలాంటి సంప్రదింపు సమావేశానికి వెళ్లాను. అద్దె ఇళ్ల గురించి, జీతం లేని ఇంటర్న్‌షిప్‌ల గురించి రంగు చీటీల మీద రాయించి గోడకు అంటించారు, ఫొటో తీశారు. ఆ చీటీలు ఏమయ్యాయో ఇవాళ్టికీ ఎవరూ చెప్పలేదు. ఆ బాధ నాకింకా పోలేదు.

నిజమైన వాటా ఎలా ఉంటుందో చూడాలంటే స్ట్రాస్‌బర్గ్‌లోని కౌన్సిల్ ఆఫ్ యూరప్‌ను చూడండి. ఇది యూరోపియన్ యూనియన్ కాదు, 46 దేశాల వేరే సంస్థ. అక్కడ యువజన కార్యక్రమాలేంటి, వాటికి డబ్బెలా ఖర్చుపెట్టాలి అన్నది ప్రభుత్వ అధికారులూ, 30 మంది యువ ప్రతినిధులూ సమానంగా కూర్చుని తేలుస్తారు. అధికారులు ఒక్కళ్లే తేల్చేయడానికి లేదు. అయితే అది యువజన వ్యవహారాల వరకే. ఇళ్లు, ఉద్యోగాలు, వాతావరణం దగ్గరికొచ్చేసరికి ఆ కుర్చీ ఉండదు.

ఇంకోటి, పోటీ చేసే వయసు. 2019లో డెన్మార్క్ నుంచి కీరా మరీ పీటర్-హాన్సెన్ 21 ఏళ్లకే యూరోపియన్ పార్లమెంటుకు గెలిచారు. అదే ఇటలీలోనో గ్రీసులోనో అయితే ఆవిడ నామినేషన్ కూడా వేయలేకపోయేవారు, అక్కడ 25 నిండాలి. మన లోక్‌సభకూ అంతే. 1989లో ఓటు వయసు 21 నుంచి 18కి దించాం, పోటీ వయసును మాత్రం 25 దగ్గరే ఉంచేశాం.

మిరపతోట:
పోటీ వయసు సంగతి ఒప్పుకుంటాను, అది అన్యాయమే. కానీ ఓటున్నవాళ్లే వెయ్యడం లేదు కదండీ? 25 ఏళ్ల లోపు వాళ్లలో 2019లో 42 శాతం వేస్తే, 2024లో 36కి పడిపోయింది. అలాంటప్పుడు ఇంకా చిన్నవాళ్లకు ఇచ్చి ఏం లాభం?

డాన్యూబ్_గట్టు:
అడిగింది జరగకపోతే ఎవరైనా ఎన్నిసార్లు క్యూలో నిలబడతారండీ? పైగా ఇరవైల్లో ఉన్నవాళ్లు చదువుకో, పనికో ఊరు మారుతూనే ఉంటారు. పదహారేళ్ల పిల్లలు ఇంట్లోనే ఉంటారు, బడిలో టీచరు చెప్తారు. మొదటి ఓటు అలవాటు చేయడానికి అదే సరైన వయసని నా నమ్మకం. కొత్త చట్టాలు తెచ్చేటప్పుడు యువతపై ప్రభావం చూస్తామని 2024 జనవరిలో యూరోపియన్ కమిషన్, అంటే యూనియన్ చట్టాలను ప్రతిపాదించే సంస్థ, మాటిచ్చింది. మంచిదే. ఆ లెక్క అందరి ముందూ పెట్టాలి, సలహా తీసుకోకపోతే ఎందుకు తీసుకోలేదో రాసివ్వాలి.

బెర్లిన్_బాటసారి:
ఓనర్ గారమ్మాయి సంగతి ఇంకొంచెం చెప్పాలి. 2025 ఫిబ్రవరిలో ఇక్కడ బుండెస్టాగ్ ఎన్నికలు వచ్చాయి. వాటికి ఓటు వయసు 18. ఎనిమిది నెలల కింద యూరప్ పార్లమెంటుకు ఓటేసిన పిల్లకు సొంత దేశ పార్లమెంటుకు ఓటు లేదు. అమ్మానాన్నలతో పోలింగ్ బూత్ దాకా నడిచి వెళ్లి, వాళ్లు వేసి వచ్చేదాకా బయట చలిలో నిలబడింది.