చదువులలో మర్మమా, సారమా?

గవర్నర్‌పేట ఫొటోల అబ్బాయి: అందరికీ నమస్కారం. రెండేళ్లుగా బెజవాడలో, గుంటూరులో ‘చదువు’ మీద ఫొటోలు తీస్తున్నాను. పన్నెండు ఏరి పక్కన పెట్టాను. గుణదల వైపు ఒక హాస్టల్ కిటికీ, తెల్లవారుజాము స్టడీ అవర్, పుస్తకం మీద చెంప ఆనించి నిద్రపోయిన ఇంటర్ కుర్రాడు. మా అమ్మమ్మ సుందరకాండ పారాయణ. ఒక పెళ్లిలో చదివింపులు రాసుకునే పెద్దాయన, ఒళ్లో నోటుపుస్తకం. గుంటూరు మిర్చి యార్డులో కాయ తుంచి రంగు చూస్తున్న వ్యాపారి. ఇలాంటివి. అన్నిటికీ కలిపి పైన ఒక్క పద్యపాదం వెయ్యాలని నా కోరిక. చిన్నప్పుడు నేర్చుకున్నది: ‘చదువులలో సారమెల్ల చదివితి తండ్రీ’. శనివారం ప్రింటుకి ఇవ్వాలి. రాత్రి నుంచి ‘సారమెల్ల’ దగ్గరే అనుమానం, ఒకటే టెన్షన్. సరిగ్గానే గుర్తుందా?

బ్రాడీపేట మాస్టారు: ‘మర్మ మెల్ల’ బాబూ. పోతన భాగవతం, సప్తమ స్కంధం, ప్రహ్లాదుడు తండ్రి హిరణ్యకశిపుడితో అనే పద్యం.
చదివించిరి నను గురువులు
చదివితి ధర్మార్థముఖ్య శాస్త్రంబులు నేఁ
జదివినవి గలవు పెక్కులు
చదువులలో మర్మ మెల్లఁ జదివితిఁ దండ్రీ!
నలభై ఏళ్లు పాఠం చెప్పాను. నేను చూసిన అచ్చుప్రతుల్లో ఎక్కడా ‘సారం’ లేదు.

సత్యనారాయణపురం అక్కయ్య: మాస్టారూ, మా నాన్నగారు ‘సారమెల్ల’ అనే పాడేవారు. ఆయన పుస్తకం చూసి నేర్చుకున్న మనిషి కాదు, వాళ్ల నాన్న నోట విన్నారు. చదువుల సారం అనేది ఎంత సహజమైన మాట! పిల్లవాడు తండ్రితో ‘మర్మం’ అంటాడా?

పటమట లంక పాఠకుడు: గణాలు కట్టి చూశాను. చదువుల / లో మ / ర్మ మెల్లఁ / జదివితిఁ / దండ్రీ. ఇప్పుడు మార్చి చూడండి: చదువుల / లో సా / ర మెల్లఁ. మూడో గణం రెండు రకాలుగానూ జగణమే. యతి నాలుగో గణం మొదట ‘జ’కు పడుతోంది, ప్రాస ‘ద’. ఈ రెండూ ఆ మాటను తాకడం లేదు. ఛందస్సు ఇద్దరినీ రానిస్తోంది. అందుకే నోళ్లలో మారిపోయి ఉంటుంది.

బ్రాడీపేట మాస్టారు: ఛందస్సు రానిచ్చినా చెవి రానివ్వాలిగా. ‘మర్మ మెల్ల’ అని ఒకసారి పైకి చదవండి. మూడు మకారాలు వరసగా వస్తాయి, పెదవులు మూడుసార్లు కలుస్తాయి. గుట్టు చెప్పేవాడి నోరు అలాగే ఉంటుంది. పోతన శబ్దాన్ని ఊరికే వెయ్యడు. పైగా సందర్భం చూడండి. గురువులు చండామార్కులు నేర్పింది ధర్మార్థాలు. తండ్రి వినాలనుకున్నది రాజనీతి రహస్యాలు. కొడుకు చెప్పబోయేది హరిభక్తి. ‘మర్మం’ అన్నప్పుడు తండ్రికి ఒకటి వినపడింది, కొడుకు మనసులో ఇంకొకటి ఉంది. వెంటనే వచ్చే పద్యం ‘తను హృద్భాషల సఖ్యమున్’, హరిభక్తి మార్గాలు చెప్పేది. ‘సారం’ అంటే ఈ రెండర్థాల ఆట పోతుంది.

సత్యనారాయణపురం అక్కయ్య: అర్థం ఒప్పుకుంటాను. మా నాన్నగారి గొంతు మాత్రం మార్చుకోలేను.

తెనాలి పిన్ని: అసలు తండ్రి పద్యం ఎవరూ ఎత్తలేదేం? కొడుకు పద్యం దానికి జవాబు కదా.
చదువనివాఁ డజ్ఞుం డగుఁ
జదివిన సదసద్వివేక చతురత గలుగుం
జదువఁగ వలయును జనులకుఁ
జదివించెద నార్యులొద్దఁ జదువుము తండ్రీ!
లెక్కపెట్టండి. తండ్రి ఐదుసార్లు ‘చదువు’ అన్నాడు, కొడుకు కూడా సరిగ్గా ఐదుసార్లు. తండ్రి ‘చదువుము తండ్రీ’ అని ముగించాడు, కొడుకు ‘చదివితిఁ దండ్రీ’ అని అప్పజెప్పాడు. కొడుకుని ముద్దుగా ‘తండ్రీ’ అనడం మా ఇళ్లలో ఇప్పటికీ ఉంది. హిరణ్యకశిపుడు ఆ ఒక్క మాటలో మామూలు నాన్న అయిపోయాడు. ఆ పద్యం చదివినప్పుడల్లా నాకు ఆయన మీద జాలి వేస్తుంది. మన కాలేజీల గేట్ల దగ్గర ట్రంకుపెట్టె దించి వెనక్కి చూస్తూ వెళ్లే నాన్నలు అనేదీ అదే కదా.

పటమట లంక పాఠకుడు: పిన్నిగారూ, బాగా పట్టారు. ఇంకో సూక్ష్మం చూడండి. తండ్రి పద్యంలో ‘తండ్రీ’, కొడుకు పద్యంలో ‘దండ్రీ’. చదువుము కళ, అంటే చివర నకారం లేని మాట, అందుకని తకారం నిలిచింది. చదివితిన్ ద్రుతాంతం, చివర నకారం ఉన్న మాట, ఉత్తమ పురుష ఏకవచనం, అందుకని సరళాదేశం, తకారం దకారమైంది. ఒకే మాట, తండ్రి నోట పరుషంగానూ కొడుకు నోట సరళంగానూ వచ్చింది!

బ్రాడీపేట మాస్టారు: అది వ్యాకరణం చేసిన పని, భావం కోసం చేసింది కాదు. కానీ అంత బాగా కుదిరాక కాదనను. ఫొటోల అబ్బాయీ, అందుకే ‘తండ్రీ’ అని వెయ్యొద్దు. ‘జదివితిఁ దండ్రీ’ అనే వెయ్యి, అరసున్నతో.

గవర్నర్‌పేట ఫొటోల అబ్బాయి: మాస్టారూ, ‘దండ్రీ’ అని వేస్తే చూసేవాళ్లు అచ్చుతప్పు అనుకోరా? అరసున్న మా ప్రింటింగ్ వాళ్ల ఫాంటులో వస్తుందో రాదో కూడా చూసుకోవాలి.

బ్రాడీపేట మాస్టారు: అనుకోనీ. ఒక్కరైనా ఆగి అడుగుతారు. అడిగినవాళ్లకి చెప్పు.

కొత్తపేట కుర్రాడు, గుంటూరు: నాకు చదివింపుల ఫొటో నచ్చింది. మైకులో ‘ఫలానావారు వెయ్యినూట పదహార్లు చదివించారు’ అంటారు కదా. ఇచ్చినదాన్ని పేరుతో సహా పైకి చదివేవారు కాబట్టి ఆ మాట వచ్చిందని మా తాతయ్య చెప్పేవాడు. ‘చదువు’ అంటే మొదట పైకి పలకడమే అని నా నమ్మకం. మంత్రం చదివాడు, పద్యం చదివాడు అంటాం. అక్కడ పుస్తకం ఉండాలని ఏమీ లేదు. నోరు ఉంటే చాలు.

సత్యనారాయణపురం అక్కయ్య: నిజమే తమ్ముడూ. మా చిన్నప్పుడు వీధి అరుగు మీద పాఠం పైకి చదవకపోతే ‘చదువుతున్నావా, నిద్రపోతున్నావా’ అని లోపలి నుంచి కేక వచ్చేది.

తెనాలి పిన్ని: మరి మిర్చి యార్డు ఫొటో ఇందులో ఎలా ఇముడుతుంది? ఆయన కాయను చదవడం లేదు, చూస్తున్నాడు. మనం చెయ్యి చూస్తాం, నాడి చూస్తాం, జాతకం చూస్తాం, గడియారం చూస్తాం. ‘ముఖం చదవడం’ ఈమధ్య ఇంగ్లీషు నుంచి వచ్చింది. మన పెద్దవాళ్లు ‘ముఖం చూసి చెప్పేస్తాడు’ అనేవాళ్లు. తేజా రకమా, బ్యాడిగా, తేమ ఎంత ఉంది అని చేతిలోకి తీసుకుని చెప్పడం గొప్ప విద్యే. చదువు మాత్రం కాదు.

కొత్తపేట కుర్రాడు, గుంటూరు: ఒప్పుకోను పిన్నీ. మా నాన్న యార్డులోనే ముప్పై ఏళ్లు చేశాడు. ఆయనకి సంతకం పెట్టడం మాత్రమే వచ్చు. కాయ తుంచి వాసన చూసి ఏ వైపు చేలదో చెప్పేవాడు. ‘చదువులలో మర్మం’ అంటే ఇదేనని ఆ పద్యం వచ్చినప్పుడల్లా అనుకుంటాను. అన్నా, ఆ ఫొటో తీసెయ్యొద్దు, దయచేసి ఉంచు.

బ్రాడీపేట మాస్టారు: మర్మానికి కీలకస్థానం అనే అర్థమూ ఉంది. ఆయుర్వేదంలో నూట ఏడు మర్మాలు. ఎక్కడ తాకితే ప్రాణం తెలుస్తుందో అది మర్మం. మీ నాన్నగారు తాకింది అదే బాబూ. ఈ పద్యంలో ఆ అర్థం తీసుకోవచ్చని నాకు ఇన్నేళ్లలో తట్టలేదు.

పటమట లంక పాఠకుడు: మర్మమూ వద్దు, సారమూ వద్దు అనుకుంటే అదే ఘట్టంలో ఇంకోటి ఉంది: ‘చక్రహస్తునిఁ బ్రకటించు చదువు చదువు’, విష్ణువును చాటే చదువే చదువు అని. చివరి రెండు మాటలే వేసుకోవచ్చు. ‘చదువు చదువు.’ మొదటిది నామవాచకం, రెండోది విధేయం. హాస్టల్ ఫొటో కింద వేస్తే రెండోది ఆజ్ఞార్థకం అయిపోతుంది.

తెనాలి పిన్ని: వద్దు బాబూ. నిద్రపోతున్న పిల్లాడి కింద ఆ మాట వెయ్యొద్దు. వాడు ఏ నాలుగింటికి లేచాడో.

గవర్నర్‌పేట ఫొటోల అబ్బాయి: మీరంతా ఇంత సాయం చేస్తుంటే ఒకటి చెప్పాలనిపించింది. అమ్మమ్మ ఫొటో మళ్లీ పెద్దది చేసి చూశాను. ఆవిడ పుస్తకం చూడటం లేదు. కళ్లు గోడ మీద ఉన్నాయి, పెదాలు మాత్రం కదిలినట్టు కొంచెం మసకగా పడ్డాయి. తీసినప్పుడు అది తప్పు అనుకుని పక్కన పెట్టి, చివర్లో పన్నెండులో కలిపాను. కొత్తపేట తమ్ముడి మాట చదివాక దాన్నే మొదట పెట్టాను. ఇందాక ఫోన్ చేసి ఆవిణ్ణే అడిగాను, మర్మమా సారమా అని. పద్యం మొత్తం ఒక్క ఊపిరిలో అప్పజెప్పింది. ‘సారమెల్ల’ అంది, ఆ తర్వాత ‘దండ్రీ’ అంది.

సత్యనారాయణపురం అక్కయ్య: విన్నారా మాస్టారూ!

బ్రాడీపేట మాస్టారు: విన్నాను. దకారం నిలబెట్టిన తల్లికి నమస్కారం. బాబూ, ఆవిడ చేత ఇంకోసారి చెప్పించి రికార్డు చేసి ఇక్కడ పెట్టు. ‘మెల్ల’ దగ్గర ఎలా ఆగిందో నాకు వినాలని ఉంది.