నీటి చుక్కల ఫొటోలు: చుక్క క్లియర్‌గా రావట్లేదు, మీ సెటప్ ఏంటి?

కొత్తలెన్స్:
ట్రేలో నీళ్లు పోసి పైనుంచి చుక్కలు వేస్తూ తీస్తున్నా. షట్టర్ 1/4000 సెకను పెట్టినా చుక్క అంచులు అలుక్కుపోతున్నాయి, ఐఎస్‌ఓ (వెలుతురుకి కెమెరా సున్నితత్వం) పెంచి పెంచి గ్రెయిన్ మామూలుగా లేదు. స్పీడ్‌లైట్ (కెమెరాకి తగిలించే ఫ్లాష్) ఉంది గానీ అది పెడితే షట్టర్ 1/200 దాటనివ్వదు కదా అని ట్యూబ్‌లైట్ వెలుతురులోనే లాగిస్తున్నా. చేసినవాళ్లు ఎవరైనా చెప్పండి.

గోదారిగట్టు:
ఆ స్పీడ్‌లైటే బయటికి తీయండి. ఇక్కడ చుక్కను ఆపేది షట్టర్ కాదండీ, ఫ్లాష్ వెలిగి ఆరే ఆ కాస్త సేపు. గది చీకటి చేస్తే షట్టర్ ఎంతసేపు తెరిచి ఉన్నా ఫొటోలో పడేది ఆ వెలుగులో ఉన్న చుక్కే. 40 సెం.మీ. పైనుంచి పడే చుక్క నీటిని తాకేసరికి సెకనుకు దాదాపు 2.8 మీటర్ల వేగంలో ఉంటుంది, అంటే 1/4000లో కూడా 0.7 మి.మీ. జరుగుతుంది, మాక్రోలో (అతి దగ్గర్నుంచి తీసే ఫొటోలో) అది కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఫ్లాష్ పవర్ 1/32కో 1/64కో తగ్గిస్తే చాలా మోడళ్లలో వెలుగు 1/15000, 1/20000 సెకను దాకా కుదించుకుపోతుంది. వెలుతురు చాలకపోతే పవర్ పెంచొద్దు, ఫ్లాష్‌నే దగ్గరికి జరపండి.

చిల్లరప్రయోగాలు:
కరెక్ట్. ఇంకోటి, ఫ్లాష్ నేరుగా కొడితే తెల్ల మచ్చ పడి చుక్క ప్లాస్టిక్ పూసలా ఉంటుంది. నేను వెనకాల బటర్ పేపర్ కట్టి, దాని అవతల నుంచి కొడతా. ఫోకస్‌కి ట్రే మీద అడ్డంగా స్కేలు పెట్టి, చుక్క పడే చోట స్క్రూ నిలబెట్టి మాన్యువల్‌లో సెట్ చేసుకుని అవి తీసేయడమే, ఇక లెన్స్ ఫోకస్ రింగ్ ముట్టుకోకూడదు. అపర్చర్ (లెన్స్ రంధ్రం) ఎఫ్ 11 నుంచి 16. ట్రే అంచుదాకా నిండాలి, లేకపోతే వెనక అంచు గీతలా వచ్చి చిరాకు పెడుతుంది. చుక్కలకి మెడికల్ షాపులో దొరికే సెలైన్ సెట్ చాలు.

కొత్తలెన్స్:
1/32లో పెట్టి చూశా, అబ్బ! నీళ్లలోంచి లేచే స్తంభం, దాని కొసన విడిపోబోతున్న బొట్టు, రెండింటి మధ్య వెంట్రుకంత సన్నటి మెడ కూడా కనబడుతోంది. మరి రెండు చుక్కలు ఢీకొంటే వచ్చే ఆ గొడుగు ఆకారం సెలైన్ సెట్‌తో వస్తుందా?

సోల్డరింగ్‌బాబాయ్:
లక్కుంటే వస్తుంది తమ్ముడూ, ఈలోపు మెమరీ కార్డు నిండిపోతుంది. మొదటి చుక్క గుంట చేస్తుంది, గుంట పూడుతూ స్తంభం లేస్తుంది, అది నిలబడి ఉండగానే రెండోది దాని నెత్తిన పడాలి. చుక్కల మధ్య గ్యాప్ సుమారు 100 మిల్లీసెకన్లు, కాస్త అటూ ఇటూ అయినా ఆకారం మారిపోతుంది. సోలెనాయిడ్ వాల్వ్ (కరెంటుతో తెరుచుకుని మూసుకునేది), దాన్ని నడిపే ఆర్డువినో అనే చిన్న కంప్యూటర్ బోర్డు ఉంటే ఆ గ్యాప్ నంబరుగా పెట్టుకోవచ్చు. వాల్వ్ కాయిల్‌కి డయోడ్ వేయడం మాత్రం మరవకు, లేదంటే వాల్వ్‌ని ఆన్ ఆఫ్ చేసే ట్రాన్సిస్టర్ గోవిందా. నీళ్లలో గ్వార్ గమ్ కలుపు, గోరుచిక్కుడు గింజల నుంచి తీసే పొడి అది, గొడుగు అంచు చిరగకుండా సాగుతుంది.

గోదారిగట్టు:
వాల్వ్ అందరికీ అక్కర్లేదు బాబాయ్. చుక్క పడగానే చుట్టూ లేచే కిరీటం ఆకారానికైతే ఒక్క చుక్క చాలు, కాకపోతే కింద ద్రవం పల్చటి పొరలా ఉంటే బాగా వస్తుంది. అమెరికాలోని ఎంఐటీలో ప్రొఫెసర్ ఎడ్గర్టన్ 1957లో తీసిన పాలచుక్క కిరీటం కూడా స్ట్రోబ్ (క్షణంలో వెలిగి ఆరే ఫ్లాష్) వెలుగు మహిమే. నన్నడిగితే ముందు అదే ప్రయత్నించండి.

ఫోన్‌చాలు:
ఫోన్ ఫ్లాష్‌తో ఇవి అవుతాయా?

చిల్లరప్రయోగాలు:
కష్టం. ఫోన్‌లో ఎల్‌ఈడీ అలా పేలదు, టార్చిలా వెలుగుతుంది అంతే. కదలని చుక్కలు తీయండి, అవేం తక్కువ కాదు. గడ్డిపోచకి సిరంజితో గ్లిజరిన్ కలిపిన నీళ్లు పెట్టండి, తొందరగా ఆరవు. వెనకాల కాస్త దూరంలో బంతిపువ్వు పెడితే చుక్కలో అది తలకిందులుగా కనబడుతుంది. ఫోకస్ చుక్క అంచు మీద కాదు, లోపలి పువ్వు మీద. ఫోన్ కెమెరాకి తగిలించే క్లిప్ లెన్స్ ఒకటి కావాలి. ఫ్యాన్ ఆపేయండి.

కొత్తలెన్స్:
బాబాయ్, గ్వార్ గమ్ ఎంత కలపాలి?

సోల్డరింగ్‌బాబాయ్:
లీటరుకి అర టీస్పూనుతో మొదలుపెట్టు. రాత్రి కలిపి పొద్దున పల్చటి గుడ్డలో వడకట్టు, ఉండలుంటే వాల్వ్ మూసుకుపోతుంది. పని అయ్యాక మంచినీళ్లతో వాల్వ్ కడుగు, ఆ జిగురు ఎండితే ఇక వదలదు.