రామప్ప గుడి ప్రాజెక్టుకి నమ్మకమైన సమాచారం ఎక్కడ?

పాప అమ్మ: మా పాప ఎనిమిదో తరగతండి, రామప్ప గుడి మీద ప్రాజెక్టు ఇచ్చారు, గూగుల్ చేస్తే కట్టిన సంవత్సరం ఒక్కో సైట్లో ఒక్కోలా ఉంది, టీచరేమో ఎక్కడ చూశారో రాయమంటున్నారు. లైబ్రరీవి ఏమైనా ఆన్‌లైన్లో ఉంటాయా?

పుస్తకాల పురుగు: ఉంటాయండి. నేషనల్ డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా, ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్ళది, ఫ్రీనే, స్కూల్ పిల్లలకి పనికొచ్చేవి కూడా ఉన్నాయి. రామప్పకైతే యునెస్కో పేజీ తప్పకుండా చూడండి, 2021లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు కదా.

ఓరుగల్లు నాన్న: వికీపీడియా చదవనివ్వండి, కానీ అక్కడే ఆగొద్దు, కింద మూలాలుంటాయి, వాటిని పాపతోనే తెరిపించండి, మా వాడికి అలాగే అలవాటైంది.

పాప అమ్మ: యునెస్కోలో దొరికిందండి! 1213లో మొదలెట్టి దాదాపు 40 ఏళ్ళు కట్టారంట, అందుకే తేదీలు తేడా వచ్చాయేమో. పాప ఆ లైన్ నోట్‌బుక్‌లో రాసి కింద గీత కూడా గీసుకుంది, చాలా థాంక్సండీ.